జ్వరం ఎన్నో రోజు?

పాఠకుల ప్రశ్నలు – జనరల్ మెడిసిన్ వైద్యుల జవాబులు

ఈ నెల విజయవాడ, గుంటూరు వైపు నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ జ్వరాలవే. కుటుంబ సభ్యులతో పాటు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో పనిచేసే యువ డాక్టర్లు కూడా రాశారు. రిపోర్టులో ఉన్న అంకెను అందరూ రాశారు. ఆ రక్తం జ్వరం మొదలైన ఎన్నో రోజున తీశారో రాసినవాళ్లు మాత్రం తక్కువ. ఆ రోజు తెలియకపోతే అంకెతో సగం పని కూడా జరగదు. అందుకే ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా రిపోర్టుల కవరు మీద పెన్నుతో తేదీ, జ్వరం ఎన్నో రోజో రాసిపెట్టండి. జ్వరం తగిలిన రోజే ఒకటో రోజు.

ప్రశ్న: మా తమ్ముడికి 32 ఏళ్లు, 60 కిలోల బరువు. సోమవారం జ్వరం మొదలైంది. బుధవారం డెంగీ ఎన్‌ఎస్‌1 (రక్తంలో వైరస్ ప్రోటీన్‌ను పట్టే పరీక్ష) పాజిటివ్ వచ్చింది. ప్లేట్‌లెట్లు 1,40,000, పీసీవీ (రక్తంలో ఎర్ర కణాల శాతం) 41. శుక్రవారానికి జ్వరం పూర్తిగా తగ్గింది, గండం గడిచిందనుకున్నాం. కానీ కడుపు నొప్పి, మూడు సార్లు వాంతులు. మళ్లీ పరీక్ష చేస్తే ప్లేట్‌లెట్లు 38,000, పీసీవీ 49. ఆసుపత్రిలో చేర్చుకుని సెలైన్ పెట్టారు గానీ, మేము దాతలను వెంటబెట్టుకుని వెళ్లినా ప్లేట్‌లెట్లు ఎక్కించలేదు. మూడో రోజు సెలైన్ కూడా తీసేశారు. ఇప్పుడు బాగున్నాడు. వాళ్లు చేసింది సరైనదేనా? – ఒక పాఠకురాలు, సింగ్ నగర్, విజయవాడ

జవాబు: సరైన వైద్యమే జరిగిందమ్మా. డెంగీలో జ్వరం తగ్గిన రోజే జాగ్రత్తగా ఉండాల్సిన రోజు. సాధారణంగా 3 నుంచి 7వ రోజు మధ్య జ్వరం దిగుతుంది. సరిగ్గా అప్పుడే సన్నటి రక్తనాళాల గోడలు వదులై, రక్తంలోని నీరు కడుపులోకీ, ఊపిరితిత్తుల చుట్టూ ఉన్న ఖాళీలోకీ కారిపోతుంది. ఇది 24 నుంచి 48 గంటల పాటు సాగుతుంది. మనిషి చల్లబడ్డాడని ఇంట్లో వాళ్లు ఊపిరి పీల్చుకునే ఆ వేళకే బీపీ పడిపోతుంటుంది.

మీ తమ్ముడి రిపోర్టులో అందరినీ భయపెట్టింది 38,000. డాక్టర్లు చూసింది పీసీవీ. నీరు కారిపోతే రక్తం చిక్కబడి పీసీవీ పెరుగుతుంది. 41 నుంచి 49కి అంటే దాదాపు 20 శాతం పెరుగుదల. దానికి తోడు ప్లేట్‌లెట్లు పడటం, కడుపు నొప్పి, ఆగని వాంతులు. ఇవి ప్రమాద సూచనలు. చిగుళ్ల నుంచి, ముక్కు నుంచి రక్తం, మగతగా ఉండటం, కుదురు లేకుండా మెసలడం కూడా ఈ కోవలోవే. వీటిలో ఒక్కటి కనిపించినా ఇంట్లో ఉంచుకోకూడదు.

వైద్యమంతా సెలైన్ కొలతలోనే ఉంది. ఇలాంటి పేషెంటుకు నార్మల్ సెలైన్ గానీ రింగర్ లాక్టేట్ గానీ మొదటి ఒకటి రెండు గంటలు కిలోకు గంటకు 5 నుంచి 7 మి.లీ. ఇస్తారు. 60 కిలోల మనిషికి గంటకు 300 నుంచి 420 మి.లీ. తర్వాత 3–5కి, ఆపైన 2–3కి తగ్గిస్తారు. మార్చిన ప్రతిసారీ పీసీవీ, నాడి, మూత్రం చూస్తారు. మూత్రం గంటకు 30 మి.లీ. దాకా వస్తుంటే సరిపోతున్నట్టు. బీపీలో పై అంకె ఒక్కటే చూసి ‘100 ఉంది, పర్లేదు’ అనుకోకూడదు. 100/84 అంటే రెండింటి మధ్య తేడా 16. తేడా 20కి దిగితే చాలు, షాక్ (ఒంటికి రక్తం సరిగా అందని స్థితి) లోకి వెళ్లినట్టే లెక్క.

మూడో రోజు సెలైన్ ఎందుకు తీసేశారంటే, కారిపోయిన నీరు అప్పటికి తిరిగి రక్తనాళాల్లోకి వస్తుంది. ఆ సమయంలో ఇంకా సీసాలు ఎక్కిస్తూ పోతే ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసం వస్తుంది. డెంగీ తగ్గాక సెలైన్‌తో ప్రాణం మీదికి తెచ్చుకోవడం ఇలాగే జరుగుతుంది. ఆపాల్సిన వేళకు ఆపడం కూడా వైద్యమే.

ప్లేట్‌లెట్లు ఎక్కించాల్సింది రక్తస్రావం ఉన్నప్పుడు. అది లేకపోతే 10,000 కంటే కిందికి పడినప్పుడే ఆలోచిస్తారు. 38,000 ఉండి రక్తం పోకుండా ఉన్నవాళ్లకు ఎక్కిస్తే ఉపయోగం లేదు, దద్దుర్లు, ఆయాసం లాంటి రియాక్షన్లు మాత్రం రావచ్చు. బొప్పాయి ఆకు రసం సంగతి: ప్లేట్‌లెట్ల అంకె నాలుగు వేలు పెరిగినా కారే నీటిని అది ఆపలేదు. పైగా వాంతులతో ఉన్న మనిషికి ఆ చేదు ఇంకా వాంతులు తెప్పిస్తుంది. ఓఆర్‌ఎస్, కొబ్బరినీళ్లు, గంజి మేలు. జ్వరానికి పారాసెటమాల్ ఒక్కటే, 6 గంటలకొకసారి. డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్, ఆస్పిరిన్ వద్దు. కండకు ఏ ఇంజెక్షనూ చేయించకండి, అక్కడ రక్తం గడ్డ కడుతుంది.

ఇంకొక్క మాట. ఎన్‌ఎస్‌1 మొదటి 5 రోజుల్లోనే నమ్మదగినది. ఆరో రోజు ఎన్‌ఎస్‌1 నెగెటివ్ వస్తే డెంగీ లేదని కాదు, అప్పటికి ఐజీఎం (వైరస్ మీద ఒళ్లు తయారుచేసే యాంటీబాడీ) చూడాలి.

ప్రశ్న: 45 ఏళ్ల మహిళ. మిరప చేలో కలుపుకు, గట్ల మీద గడ్డి కోతకు వెళుతుంది. 9 రోజులుగా జ్వరం, విపరీతమైన తలనొప్పి, రెండు రోజులుగా పొడి దగ్గు. బయట చేయించిన వైడాల్ (టైఫాయిడ్‌కు చేసే రక్తపరీక్ష) ‘ఓ’ 1:160. టైఫాయిడ్ అని సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ రోజుకు 2 గ్రాములు 4 రోజులు ఇచ్చారు, తగ్గలేదు. ప్లేట్‌లెట్లు 95,000, ఎస్‌జీపీటీ (లివర్ ఎంజైము) 110. డెంగీ, మలేరియా నెగెటివ్. మందు మార్చాలా, ఇంకా ఆగాలా? – మెడికల్ ఆఫీసర్, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, ప్రత్తిపాడు ప్రాంతం, గుంటూరు జిల్లా

జవాబు: ముందు ఒంటిని వెతకండి డాక్టరు గారూ. మీ కేంద్రంలోని నర్సును తోడు పెట్టుకుని, మంచి వెలుతురులో, బట్టలు తొలగించి చూడాలి. చంకలు, రొమ్ముల కింద మడత, లంగా బొందు బిగిసే చోటు, గజ్జలు, పిరుదుల మధ్య, చెవుల వెనక, తలలో జుట్టు పాయల మధ్య. వెతుకుతున్నది ఎస్కార్: అర సెంటీమీటరు నుంచి సెంటీమీటరు దాకా నల్లటి పెచ్చు, చుట్టూ సన్నటి ఎర్రటి అంచు, సిగరెట్టుతో కాల్చినట్టు ఉంటుంది. దురద ఉండదు, నొప్పి ఉండదు. అందుకే ‘ఒంటి మీద ఏదైనా పుండు ఉందా?’ అని అడిగితే లేదనే అంటారు. చెమట ఊరే మడతల్లో నల్ల పెచ్చు కూడా ఉండదు, పైపొర లేచిన తడి పుండు మాత్రమే కనిపిస్తుంది. దాని దగ్గర్లో బిళ్ల కట్టి ఉంటుంది. చంకలో బిళ్ల తగిలితే ఆ వైపు రొమ్ము, వీపు, చేయి మరోసారి చూడండి.

దొరికితే ఇది స్క్రబ్ టైఫస్. గడ్డిలో, పొదల్లో ఉండే చిగ్గర్ అనే సన్నటి పురుగు పిల్ల కుట్టడం వల్ల వస్తుంది. దొరకకపోయినా చాలామందిలో ఎస్కార్ కనపడదని గుర్తుంచుకోండి. చేలో పని, వారం దాటిన జ్వరం, తలనొప్పి, దగ్గు, తగ్గిన ప్లేట్‌లెట్లు, కొద్దిగా పెరిగిన లివర్ ఎంజైములు. ఇన్ని కలిసొచ్చినప్పుడు రక్తపరీక్ష కోసం మందు ఆపకూడదు. ఐజీఎం ఎలైజాకు రక్తం తీసి పంపండి, అదే పూట డాక్సీసైక్లిన్ మొదలుపెట్టండి. 100 ఎం.జి. రోజుకు రెండు సార్లు, 7 రోజులు. గర్భిణి అయితే అజిత్రోమైసిన్ 500 ఎం.జి. రోజుకొకటి, 5 రోజులు. సెఫ్ట్రియాక్సోన్ ఈ క్రిమిని ఏమీ చేయదు. ఇది మన కణాల లోపల దాక్కుని పెరుగుతుంది, పైగా సెఫ్ట్రియాక్సోన్ దెబ్బతీసే కణ గోడ దీనికి మామూలు బాక్టీరియాలకు ఉన్నట్టు ఉండదు.

డాక్సీసైక్లిన్ రాసి ఊరుకుంటే చాలదు, ఎలా మింగాలో చెప్పి పంపాలి. అన్నం తిన్నాక, నిండు గ్లాసు నీళ్లతో, కూర్చుని మింగాలి. అరగంట దాకా పడుకోకూడదు. గుక్కెడు నీళ్లతో మింగి నడుం వాలిస్తే మందు అన్నవాహికలో అంటుకుని పుండు పడుతుంది, గుటక వేయలేక రెండో రోజే మాత్రలు మానేస్తారు. పాలతో, ఐరన్, కాల్షియం మాత్రలతో కలిపి వేసుకోకూడదు. స్క్రబ్ టైఫస్ అయితే చాలామందిలో 48 గంటల్లో జ్వరం దిగుతుంది. దిగకపోతే మోతాదు పెంచడం కాకుండా రోగ నిర్ధారణనే మళ్లీ మొదటి నుంచి ఆలోచించాలి. వరి పొలాల్లో దిగేవాళ్లలో లెప్టోస్పైరోసిస్ కూడా ఇలాగే కనిపిస్తుంది, దానికీ డాక్సీసైక్లిన్ పనిచేస్తుంది.

ఇక వైడాల్. ఒక్కసారి చేసిన వైడాల్‌తో టైఫాయిడ్ అని తేల్చకండి. పాత టైఫాయిడ్, టీకా, వేరే జ్వరాలు కూడా దాన్ని పాజిటివ్ చేస్తాయి. నిజంగా టైఫాయిడ్ ఉన్నా మొదటి వారంలో నెగెటివ్ రావచ్చు. టైఫాయిడ్ అనుమానం ఉంటే యాంటీబయాటిక్ మొదటి డోసు కంటే ముందు బ్లడ్ కల్చర్ (రక్తంలోని క్రిమిని ల్యాబులో పెంచి చూసే పరీక్ష) తీయాలి, పెద్దవాళ్లకు ఒక్కో బాటిల్‌కు 8 నుంచి 10 మి.లీ. రెండు మి.లీ. తీసి పంపితే క్రిమి ఉన్నా దొరకదు. అయితే ఒక న్యాయమైన మాట చెప్పాలి: టైఫాయిడ్ అయినా సెఫ్ట్రియాక్సోన్‌కు జ్వరం దిగడానికి 4 నుంచి 6 రోజులు పట్టవచ్చు. కాబట్టి నాలుగు రోజులకు తగ్గలేదన్న ఒక్క కారణంతో టైఫాయిడ్ కాదని చెప్పలేం. ఆమె విషయంలో డాక్సీసైక్లిన్ వైపు మొగ్గేది ఆమె చేసే పని వల్ల, దగ్గు వల్ల, మిగతా రిపోర్టుల వల్ల. కల్చర్ లేకుండా ఇప్పటికే మొదలుపెట్టేశారు గనక, టైఫాయిడ్‌ను పూర్తిగా తోసిపుచ్చే దాకా సెఫ్ట్రియాక్సోన్‌నూ కొనసాగించండి.

దగ్గు ఉంది కాబట్టి శ్వాస నిమిషం పాటు లెక్కపెట్టండి. 24 దాటినా, ఆక్సిజన్ 94 కంటే తగ్గినా, మాట తడబడినా, మూత్రం తగ్గినా డాక్సీసైక్లిన్ మొదటి డోసు వేసి, చీటీ మీద వేసిన సమయం రాసి, గుంటూరు జీజీహెచ్‌కి (ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి) పంపండి. ఇలాంటి తీవ్రమైన కేసుల్లో డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ రెండూ కలిపి నరానికి ఇస్తే విడివిడిగా ఇచ్చిన దానికంటే మేలని మన దేశపు ఆసుపత్రుల్లోనే చేసిన పరిశోధన 2023లో తేల్చింది.

డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ కలిపిన ‘జ్వరం ఇంజెక్షన్’ ఎక్కడైనా చేయించుకుందేమో అడగండి. దానితో రెండు రోజులు జ్వరం కనపడదు, లోపల రోగం మాత్రం పెరుగుతూనే ఉంటుంది. ఈ అలవాటు మన పల్లెల్లో పోవాలి.

ప్రశ్న: మా మామగారికి 74 ఏళ్లు, షుగరు, బీపీ ఉన్నాయి. మేలో ఎండలు మండుతున్నప్పుడు నీళ్లు బాగా తాగమన్నామని రోజుకు నాలుగైదు లీటర్లు తాగారు. బీపీ అని మజ్జిగలో కూడా ఉప్పు వేయలేదు. తిండి బాగా తగ్గింది. వారానికి మాట తేడా వచ్చి, నడవలేక తూలిపోయారు. ఆసుపత్రిలో సోడియం 116 అన్నారు. నాలుగు రోజులు పట్టింది మామూలు కావడానికి. ఒక్క రోజులో పెంచవచ్చు కదా? ఇప్పుడు వేరే చోట పాత బీపీ మాత్రే మళ్లీ రాశారు, దానిలో క్లోర్థాలిడోన్ ఉందట. వాడవచ్చా? – ఒక కోడలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ముందు మీ రెండో ప్రశ్నకు జవాబు: ఆ మాత్ర వేయకండి. వెంటనే డాక్టరుకు ఫోన్ చేసి పాత డిశ్చార్జి కాగితం చూపించండి.

క్లోర్థాలిడోన్, హైడ్రోక్లోరోథయజైడ్, ఇండపమైడ్ ఒకే జాతి మందులు, థయజైడ్ జాతి అంటారు. బీపీకి మంచివే, చవకే. కానీ కొందరు పెద్దవాళ్లలో ఇవి పనిచేస్తున్నప్పుడు అదనపు నీటిని మూత్రంలోకి వదిలే శక్తి కిడ్నీకి తగ్గుతుంది. దానికి తిండి తగ్గడం తోడైంది. మూత్రంతో నీరు పోవాలంటే దానితో పాటు కొంత ఉప్పూ, అలాగే పప్పు, గుడ్డు, మాంసం తిన్నప్పుడు ఒంట్లో తయారయ్యే యూరియా కూడా పోవాలి. చారు మెతుకులు, టీ బిస్కెట్లతో గడిపే మనిషికి అవి ఉండవు. తాగిన నీళ్లు లోపలే నిలిచి సోడియం పలచబడింది. ఒకసారి ఇలా జరిగినవాళ్లకు ఈ జాతి మందు మళ్లీ ఇస్తే మళ్లీ పడుతుంది. చాలా బీపీ మాత్రల పేర్ల చివర ‘హెచ్’, ‘సీటీ’ అని ఉంటాయి, అవి ఈ మందులు కలిపినవే. ఆయన ఫైలు అట్ట మీద ఎర్ర సిరాతో ‘థయజైడ్ జాతి మందులు వద్దు – సోడియం 116’ అని రాయించండి.

ఇక నెమ్మదిగా పెంచడం గురించి. సోడియం రోజుల తరబడి తగ్గినప్పుడు మెదడు కణాలు ఆ పలుచదనానికి సర్దుకుంటాయి. దాన్ని ఒక్కసారిగా పెంచితే మెదడు కాండంలో నరాల పైపొర ఊడిపోతుంది. ఈ నష్టం వెంటనే బయటపడదు. సోడియం బాగైంది, ఇంటికి వెళ్లవచ్చు అనుకున్న రెండు నుంచి ఆరు రోజుల్లో మాట ముద్దగా మారుతుంది, గుటక పడదు, కాళ్లు చేతులు పడిపోతాయి. కొందరికి ఎప్పటికీ తిరిగి రావు. అందుకే 24 గంటల్లో 8 పెరగడమే లక్ష్యం, ఏ పరిస్థితిలోనూ 10 దాటనివ్వరు. సోమవారం పొద్దున 116 ఉంటే మంగళవారం పొద్దుటికి 124 చాలు. ఆ లెక్కన మీ మామగారికి నాలుగు రోజులు పట్టడం పద్ధతి ప్రకారమే.

ఫిట్స్ వచ్చినా, స్పృహ తప్పినా మాత్రం కాస్త తొందరపడాలి. 3 శాతం సెలైన్ 100 నుంచి 150 మి.లీ. 10–20 నిమిషాల్లో ఇస్తారు, అవసరమైతే మళ్లీ ఇస్తారు. 4 నుంచి 6 పాయింట్లు పెరిగితే మెదడు వాపు తగ్గుతుంది, ఆ రోజుకు ఇక ఆపేస్తారు.

ఇక్కడ డ్యూటీ డాక్టర్లు, నర్సులు గమనించాల్సిన ప్రమాదం ఒకటుంది. థయజైడ్ మానిపించి సెలైన్ పెట్టిన కొన్ని గంటలకు కిడ్నీ ఒక్కసారిగా తెరుచుకుని నీళ్లలాంటి మూత్రం వదులుతుంది. గంటకు 100 మి.లీ. దాటి మూత్రం వస్తోందంటే మనం ఏమీ చేయకపోయినా సోడియం పరుగెత్తుతోందని అర్థం. అర్ధరాత్రి అయినా సరే వెంటనే సోడియం చూడాలి. హద్దు దాటుతుంటే 5 శాతం డెక్స్‌ట్రోజ్, డెస్మోప్రెసిన్ (మూత్రాన్ని తగ్గించే మందు)తో వెనక్కి లాగాలి. పొటాషియం తక్కువని ఎక్కించినా సోడియం పెరుగుతుంది, దాన్నీ లెక్కలో వేసుకోవాలి. మొదటి రోజంతా 4 నుంచి 6 గంటలకొకసారి పరీక్ష తప్పదు. ఇన్నిసార్లు రక్తం తీస్తున్నారని కుటుంబ సభ్యులు కోప్పడవద్దు.

షుగరు ఉన్న పెద్దాయన మాట తేడాగా వస్తే మొట్టమొదట ఇంట్లోనే వేలి చుక్కతో షుగరు చూడండి. తగ్గి ఉంటే అది నిమిషాల్లో సరిచేయగలిగింది. షుగరు 500 లాంటి అంకె ఉంటే సోడియం దాని వల్ల కూడా తక్కువగా కనిపిస్తుంది: 100 పైన ప్రతి 100కి సుమారు 1.6 కలుపుకుని చూడాలి. వచ్చే వేసవిలో దాహానికి తగ్గట్టు తాగనివ్వండి, లీటర్ల లెక్క పెట్టకండి. మజ్జిగలో చిటికెడు ఉప్పు, రోజూ పప్పో గుడ్డో ఉండేలా చూడండి.

ప్రశ్న: పొద్దున పరగడుపున ఇంట్లో చూస్తే షుగరు 110, 120 దాటదు. హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగరు చూపే పరీక్ష) మాత్రం 8.4. ఏది నమ్మాలి? – ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: 8.4 అంటే రోజంతటి సగటు దాదాపు 194. పరగడుపున 115 ఉంటే, తిన్నాక ఎక్కడో 250 తాకుతోందని మొదటి అనుమానం. మధ్యాహ్నం అన్నం మొదటి ముద్ద నోట్లో పెట్టిన సమయం నుంచి సరిగ్గా రెండు గంటలకు, వారంలో నాలుగు రోజులు చూడండి. అది కూడా 160 లోపే ఉంటే అప్పుడు రక్తహీనత వెతకాలి. ఐరన్ లోపంలో ఎర్ర రక్తకణాలు పాతబడి ఎక్కువ కాలం ఉంటాయి, హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ చూపే పరీక్ష) చేయించండి. రక్తం ఎక్కించుకున్నవాళ్లలో, రక్తకణాలు త్వరగా పగిలిపోయే జబ్బుల్లో ఇందుకు తిరగబడి తక్కువ చూపిస్తుంది.

గ్లూకోమీటరు తీరు కూడా చూసుకోండి. బంగినపల్లి కోసిన చేత్తోనే వేలు గుచ్చితే చర్మానికి అంటిన రసమే 50, 100 ఎక్కువ చూపించగలదు. సబ్బుతో కడిగి, పూర్తిగా ఆరాక గుచ్చాలి. స్ట్రిప్పుల డబ్బా మూత తెరిచి ఉంచితే గాలిలో తేమకు పాడవుతాయి.

ప్రశ్న: బీపీకి ఆమ్లోడిపిన్ 10 ఎం.జి. మొదలుపెట్టాక రెండు పాదాలూ సాయంత్రానికి వాస్తున్నాయి. మందుల షాపులో నీరు పోయే మాత్ర ఇచ్చారు, తగ్గలేదు. కిడ్నీ పాడైందా? – ఒక పాఠకుడు, పటమట, విజయవాడ

జవాబు: ఈ మందుతో ఇది మామూలే, 10 ఎం.జి.లో మరీ ఎక్కువ. ఒంట్లో నీరు ఎక్కువై కాదు, చిన్న ధమనులు విచ్చుకుని నీరు చర్మం కిందకు ఊరడం వల్ల వస్తుంది. అందుకే నీరు పోయే మాత్రతో లొంగదు. ఆ మాత్ర ఆపేయండి, పొటాషియం ఊరికే పోగొట్టుకుంటారు. ఒకసారి మూత్రంలో ప్రోటీన్, క్రియాటినిన్ చూపించుకోండి. ఆయాసం, ముఖం వాపు లేకుండా అవి సరిగా ఉంటే మీ డాక్టరు ఆమ్లోడిపిన్‌ను 5కి తగ్గించి టెల్మిసార్టాన్ లాంటిది కలుపుతారు. ఆ జోడీలో బీపీ బాగా అదుపులోకి వస్తుంది, వాపూ తగ్గుతుంది. వాపు ఒక్క కాలికే ఉండి పిక్క నొప్పిగా ఉంటే మాత్రం ఇది వేరే సంగతి. రక్తం గడ్డ కట్టిందేమో అదే రోజు డాప్లర్ (రక్తనాళాల స్కాన్) చేయించండి.

ప్రశ్న: థైరాయిడ్ మాత్ర 75 నుంచి 100కి పెంచినా టీఎస్‌హెచ్ (మాత్ర సరిపోతోందో లేదో చెప్పే రక్తపరీక్ష) 9 దగ్గరే ఉంది. ఇంకా పెంచమంటారా? – ఒక పాఠకురాలు, మంగళగిరి

జవాబు: పెంచే ముందు పొద్దున ఎలా వేసుకుంటున్నారో చూసుకోండి. మాత్ర ఒట్టి నీళ్లతో, పరగడుపున. కాఫీకి కనీసం అరగంట, వీలైతే గంట ఎడం ఉండాలి. ఐరన్, కాల్షియం, గ్యాస్ మాత్రలు నాలుగు గంటల తర్వాతే. పొద్దున కుదరని ఇంట్లో రాత్రి భోజనం అయిన మూడు గంటలకు పడుకునే ముందు వేసుకున్నా పనిచేస్తుంది. మోతాదు మార్చిన 6 నుంచి 8 వారాల దాకా టీఎస్‌హెచ్ చేయించకండి, మూడో వారంలో చేయిస్తే పాత మోతాదు అంకే కొంత కనిపిస్తుంది. జుట్టుకని బయోటిన్ అనే విటమిన్ వాడుతుంటే పరీక్షకు రెండు రోజుల ముందే ఆపండి, అది కొన్ని యంత్రాల్లో రిపోర్టును తారుమారు చేస్తుంది. ఇవన్నీ పాటించి ఎనిమిదో వారానికి కూడా 9 ఉంటే అప్పుడు మోతాదు పెంచడం గురించి డాక్టరుతో మాట్లాడండి.